వయ్యారిభామ గారికి, గుర్రాల బీడు నుంచి

గేటు పక్కన, నీళ్ళ తొట్టి వెనక, ఇంకా ఎక్కడ పడితే అక్కడ కాపురం పెట్టిన కలుపు మొక్క వయ్యారిభామ గారికి గుర్రం యజమాని నమస్కరించి వ్రాయునది. నేను క్షేమం కాదు. మీరు క్షేమమేనని నిన్న సాయంత్రం నడుం వంచి చూశాక తెలిసింది.

మీకు ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ రసికులు. క్యారెట్ ఆకుల్లాంటి ఆకులు, చిటికెన వేలి గోరు కంటే చిన్న తెల్లపూలు, గాలికి ఆ ఊపు. దూరం నుంచి ముచ్చటగానే ఉంటారు. దగ్గరికొచ్చి ఒట్టి చేత్తో పీకినవాడికి దద్దుర్లు, తుమ్ములు. నేను తొడుగు వేసుకునే పీకాను. బొటనవేలి దగ్గర దానికి చిల్లుంది. సరిగ్గా అక్కడే పట్టుకున్నారు నన్ను.

పిలవని పేరంటానికి వచ్చారని ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నాను. బీడంతా ఒకసారి తిరిగాక సిగ్గేసింది. బొట్టు పెట్టి పిలిచింది మేమే.

ముందు మా గుర్రం సంగతి. ఆవైతే నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది, కాస్త మొదలు మిగులుతుంది. గుర్రానికి పైనా కిందా ముందుపళ్ళున్నాయి. మెషిన్‌తో గుండు కొట్టినట్టు నేలదాకా కొరుకుతుంది, అదీ రోజుకు 16 గంటల దాకా. మొన్న కొరికిన చోటే లేత గరిక మళ్ళీ చిగురిస్తుంది కదా, ఇవాళా అక్కడికే వెళ్తుంది. ఆ గరికలో మీ ఆకు ఒకటి కలిసిందనుకోండి, పై పెదవితో దాన్ని పక్కకు నెట్టి మిగతాది తింటుంది. నేను పక్కనే నిలబడి చూశాను, మా ఇంట్లో పిల్లలు కరివేపాకు కూడా అంత శ్రద్ధగా ఏరరు. మీ శత్రువును మేసి మీ జోలికి రాని ఇలాంటి నౌకరు జీతమిచ్చినా దొరకడు.

పైగా లద్దె వేసిన చోట మేయదు. అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగి ముదిరిపోతుంది, మధ్యలో మీ సంతానం. సగం అడవి, సగం బోడిగుండు. ఆ అడవిని చూసి ‘ఇంకా బోలెడు మేత ఉంది’ అనుకున్న తెలివి నాది.

నా ఘనత ఇంకా ఉంది. బయట నుంచి తెప్పించిన ఎండుగడ్డి మోపుల్లో మీ గింజలున్నాయేమో చూడలేదు. రోజూ గేటు దగ్గరే విప్పాను. వానలకు గుర్రాలన్నీ అక్కడే నిలబడి తొక్కి బురద చేశాయి. గడ్డి వేరుతో సహా చచ్చి, నేల ఖాళీ అయింది. మొలిచిన 4 నుంచి 6 వారాల్లో పూతకొచ్చి, ఒక్కొక్కరు 10,000కు పైగా గింజలు రాల్చగల మీకు ఇంతకన్నా ఏం కావాలి? అది చాలదన్నట్టు పక్క మొక్కలు ఎదగకుండా నేలలోకి రసాయనాలు కూడా వదులుతారు. అమెరికా ఖండంలో బయలుదేరి ఇన్ని దేశాలు పట్టినవారికి నా గేటు ఒక లెక్కా!

యుద్ధం చేయలేదని కాదు. మీకు గింజ కట్టాక యంత్రం పెట్టి కోయించాను. అంటే డబ్బిచ్చి మరీ మీ విత్తనాలు బీడంతా చల్లించానన్నమాట. ఇంకోసారి కలుపు మందు కొట్టి, మర్నాడే గుర్రాలను వదలబోయి, డబ్బా మీద రాసిన గడువు చదివి ఆగాను. మీ చామంతి కుటుంబంలోనే రాగ్‌వర్ట్ అని ఒక పసుపు పూల చుట్టం ఉంది. పచ్చిగా చేదు కాబట్టి సాధారణంగా గుర్రాలు ముట్టవు. వాడిపోయి ఎండాక చేదు తగ్గి మేతలో కలిసిపోతుంది, విషం మాత్రం తగ్గదు, కాలేయాన్ని తినేస్తుంది. అది తెలిశాక పీకిన మొక్క ఏదైనా సరే బీడులో వదలడం మానేశాను.

అన్నట్టు, గుర్రపు డెక్క అనే కలుపు చెరువుల్లో హాయిగా ఉంది. గుర్రం పేరు దానికి, గుర్రం పొలం మీకు. పంపకం బాగుంది.

ఇప్పుడు బీడును నాలుగు ముక్కలు చేసి కంచె కట్టాను. గడ్డి 8 సెంటీమీటర్లకు దిగితే గుర్రాలు పక్క ముక్కలోకి, మళ్ళీ 15 నుంచి 20 దాకా ఎదిగాకే వెనక్కి. లద్దె ఎత్తి కుప్ప వేస్తున్నాను, కుప్ప బాగా వేడెక్కితే అందులోని గింజలు చస్తాయి. బోడి నేల మీద గడ్డి విత్తనం చల్లాను. గుర్రం వదిలేసిన ముదురు గడ్డి మేయడానికి పక్కాయన ఆవులను పంపమన్నాను. అవి మిమ్మల్ని కూడా తింటే పాలు చేదెక్కుతాయని ఆయన టెన్షన్. కాబట్టి ముందు మీరు ఖాళీ చేయాలి.

మా గుర్రానికి ఇవేవీ నచ్చలేదు. కాళ్ళ కింద నిండుగా మేత పెట్టుకుని, కంచె మీదుగా మెడ చాచి, అటువైపు అప్పుడే మొలుస్తున్న లేత గడ్డినే చూస్తోంది. మీ నౌకరే కదా.

ఇట్లు,
కొత్త తొడుగులు కొనుక్కున్న గుర్రం యజమాని

తా.క.: గేటు పక్కన మీ పెద్దమ్మాయి మొగ్గ తొడగడం చూశాను. రాత్రి వాన పడింది, నేల మెత్తగా ఉంది. పొద్దున్నే వస్తున్నాను.