అరవై నాలుగు గళ్ళ చదరం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చదరం గారికి,

విజయనగరం నుంచి ఒక లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయునది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ, రాజాం నుంచి వచ్చిన మా బావమరిది, ఆయన స్థలాల వ్యాపారి, మా అమ్మాయి గ్రాఫు పుస్తకంలోంచి తమరిని కత్తిరించి, రెండు త్రిభుజాలుగా, రెండు ట్రెపీజియాలుగా కోసి, 5 గళ్ళ వెడల్పు, 13 గళ్ళ పొడవు గల దీర్ఘచతురస్రంగా పేర్చి, అందరి చేతా 65 లెక్కపెట్టించారు. భోంచేసి నడుం వాల్చవలసిన నేను దీపాలు పెట్టే వేళ దాకా తమరి సేవలోనే ఉండిపోయాను.

తమరి బంధువర్గంతో, అంటే మిగతా మాయ లెక్కలతో, నాకంత పేచీ లేదు. ఒకటీ రెండూ సమానమనే పెద్దమనిషి సున్నాతో భాగించి దొరికిపోతాడు. లాడ్జి గది అద్దెలో రూపాయి మాయమైందనే ఆయన, ముగ్గురు కలిసి చివరికి ఇచ్చిన 27లోంచి తీసివేయవలసిన, కుర్రాడు నొక్కేసిన 2ను తెచ్చి కలుపుతాడు. త్రిభుజాలన్నీ సమద్విబాహువులేననే ఆసామి, బొమ్మ సరిగా గీస్తే చాలు, మళ్ళీ కనబడడు.

తమరి మోసం అలా కాదు. త్రిభుజం వాలు 8కి 3, అంటే 0.375. ట్రెపీజియం వాలు 5కి 2, అంటే 0.4. ఈ రెండూ కలిసి ఒకే సరళరేఖ కానేకావు. అందుచేత కర్ణం పొడవునా సన్నని సమాంతర చతుర్భుజమంత ఖాళీ మిగులుతుంది. దాని వైశాల్యం సరిగ్గా ఒక గడి. సెంటీమీటరు గళ్ళయితే ఆ ఖాళీ పొడవు 14 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అంత సందును కత్తెర వంకరే మింగేస్తుంది. అట్ట మీద అతికించిన ముక్కలను కిటికీ దగ్గరకు తీసుకుపోయి, ఆ సందు వెంట గుండుసూది నడిపి మరీ చూపించాను. "మరేటి బావగారూ, గళ్ళు ఎదురుగా కనబడతంటే ఇంకా వాలేటి, కర్ణమేటి?" అన్నారాయన. మా ఆవిడ తమ్ముడి పక్షాన నవ్వింది.

నీకు సిగ్గుండాలి! 1868లోనే జర్మన్ గణిత పత్రికలో నీ బండారం అచ్చయింది. అయినా ఊరూరా తిరిగి, లేని గడిని చూపించి, బడిలో పాతికేళ్ళుగా పిల్లల చేత "మాస్టారూ" అనిపించుకున్న నన్ను నా వరండాలోనే అబద్ధాలకోరును చేస్తావా? కోసి పేరిస్తే నేల పెరిగేటట్టయితే రాజాంలో లేఅవుట్లన్నీ ఈపాటికి వాలుగా కోసి ఉండేవారు. మా బావమరిదికి ఆ ఆలోచన రాలేదని నేను ప్రమాణం చేయలేను.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. 5, 8, 13 అన్నవి తమరు ఊరికే ఎంచుకున్నవి కావు. ఛందస్సులోని మాత్రల లెక్కలో జైన పండితుడు హేమచంద్రుడు 12వ శతాబ్దంలోనే చెప్పిన వరుస అది, ముందరి రెండూ కలిపితే తరువాతిది వస్తుంది. అందులో వరుసగా ఏ మూడు సంఖ్యలు తీసుకున్నా, మధ్యదాని వర్గానికీ, దానికి అటూ ఇటూ ఉన్న రెండింటి గుణలబ్ధానికీ తేడా 1 మాత్రమే. ఒకసారి ఎక్కువ, మరుసటిసారి తక్కువ. కాబట్టి భుజం 13 అయితే గళ్ళు 169, కోసి 8 వెడల్పున 21 పొడవున పేరిస్తే 168. ఈసారి ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, గడి పోతుంది.

వచ్చే ఆదివారం బావమరిది మళ్ళీ వస్తున్నారు. 13 గళ్ళ చదరాన్ని గీసి సిద్ధంగా ఉంచాను. కోత ఆయన చేతనే కోయిస్తాను, లెక్క కూడా ఆయన చేతనే పెట్టిస్తాను. తగ్గిన గడికి రాజాం ధర ప్రకారం ఎంతవుతుందో ఆయననే అడుగుతాను. గళ్ళు ఎదురుగానే కనబడుతుంటాయి కదా.

ఇట్లు,
తమరి వల్ల నిద్ర చెడిన
లెక్కల మాస్టారు