టవర్ ఆఫ్ పవర్ అంటే హార్న్స్ ఒక్కటే కాదండీ

టవర్ ఆఫ్ పవర్ మీద మీ ఆర్టికల్ బాగుందండి, 1968లో అమెరికాలోని ఓక్‌లాండ్‌లో మొదలైన ఈ బ్యాండ్ గురించి తెలుగులో ఇంత వివరంగా చదువుతాననుకోలేదు. శాక్సోఫోన్ వాయించే ఎమిలియో కాస్టిలో, డాక్ కుప్కా ఇద్దరూ దశాబ్దాలపాటు ఒకే బ్యాండ్‌ని పట్టుకుని ఉండటం మామూలు విషయం కాదు, మధ్యలో ఎంతమంది సింగర్లు వచ్చారో ఎంతమంది వెళ్ళారో. కానీ మొత్తం హార్న్ సెక్షన్ (ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటివి ఊదేవాళ్లు) గురించే రాసి బేస్ గిటార్ వాయించిన రాకో ప్రెస్టియాని ఒక్క లైన్‌లో తేల్చేశారు, అదే నాకు బాధేసింది.

1973లో వచ్చిన వాట్ ఈజ్ హిప్ పాట ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ మాత్రమే వినండి. కుడిచేతి వేళ్లు ఆగకుండా పదహారో వంతు నోట్లు (ఒక్కో బీట్‌కి నాలుగు) కొడుతూనే ఉంటాయి, ఎడమచేతి వేళ్లేమో తీగల మీద తేలిగ్గా ఆనుకుని ప్రతి నోటునీ పుట్టగానే నొక్కేస్తాయి, అందుకే అది తీగ మోగినట్టు కాదు, చిన్న డ్రమ్ కొట్టినట్టు టకటకమంటుంది. దానికి డేవిడ్ గారిబాల్డీ డ్రమ్స్ తోడైతే ఇంక చెప్పేదేముంది, పైన హార్న్స్ అంత కచ్చితంగా పడుతున్నాయంటే కింద వీళ్లిద్దరూ వేసిన పునాదే కారణం.

2017 జనవరిలో ఓక్‌లాండ్‌లోనే షోకి వెళ్తున్న గారిబాల్డీని, ఆ రోజు బేస్ వాయించాల్సిన మార్క్ వాన్ వాగెనింగెన్‌ని ట్రైన్ గుద్దేసింది, ఇద్దరూ బతికారు, గారిబాల్డీ మళ్ళీ స్టేజ్ ఎక్కాడు కూడా. రాకో మాత్రం 2020లో పోయాడు. దయచేసి ఆయన మీద విడిగా ఒక ఆర్టికల్ రాయండి.