వాలంటీర్లయితే మాత్రం అడగకూడదా?

ఈ పోస్ట్ పొడుగ్గానే ఉంటుంది. కెనడాలోనో అమెరికాలోనో పిల్లల్ని ఐస్ హాకీలో చేర్పించిన తెలుగు అమ్మానాన్నలు మాత్రం దయచేసి చివరిదాకా చదవండి.

ఇక్కడ పిల్లల హాకీని ఊరూరా నడిపేది ఎక్కువగా జీతం భత్యం లేని వాలంటీర్లు. వాళ్ళ కష్టం నాకు తెలుసు, వాళ్ళంటే గౌరవం ఉంది. కానీ ట్రైఅవుట్స్ (ఏ పిల్లాడు ఏ టీమ్‌లో ఆడాలో తేల్చే ఎంపిక పరీక్షలు) గురించి ఏం అడిగినా "మేమంతా వాలంటీర్లం" అనే ఒక్క మాటతో నోరు మూయించడం తప్పు. ఉచితంగా చేస్తున్నంత మాత్రాన ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదంటే ఎలా? అక్కడ తేలుతున్నది పిల్లల సంగతి.

ఇండియా నుంచి చదివేవాళ్ళకు రెండు ముక్కలు చెప్తాను. మేముండేది కాల్గరీలో. పుట్టిన సంవత్సరాన్ని బట్టి పిల్లల్ని యు7, యు9, యు11, యు13 అని గ్రూపులు చేస్తారు (యు11 అంటే పదకొండేళ్ళ లోపువాళ్ళు, అలాగే మిగతావి). బాగా చిన్నవాళ్ళు సగం రింక్‌లో (ఐస్ మైదానంలో) సరదాగా ఆడుకుంటారు. అసలు టెన్షన్ మొదలయ్యేది యు11 నుంచి. ఒక్కో వయసు గ్రూపులో మళ్ళీ టియర్లు, అంటే ఆట స్థాయిని బట్టి మెట్లు, ఉంటాయి. పై టియర్‌లో పడితే అనుభవమున్న కోచ్, గట్టి పోటీ. కింద పడితే కోచ్ దొరకడమే కష్టం కావచ్చు. ఎవరు ఎక్కడో సెప్టెంబర్‌లో జరిగే ట్రైఅవుట్స్‌లో తేలిపోతుంది. తరవాత మార్చి దాకా మార్పు ఉండదు.

ఆ ట్రైఅవుట్ ఎలా ఉంటుందంటే, పొద్దున ఆరింటికి బయట ఇంకా చీకటి. డ్రెస్సింగ్ రూమ్‌లో పిల్లలు బెంచీల మీద, నాన్నలూ అమ్మలూ కింద మోకాళ్ళ మీద కూర్చుని స్కేట్ల లేసులు బిగిస్తుంటారు. మెడకు గార్డు, మొహానికి ఇనుప జాలీ ఉన్న హెల్మెట్. అది పెట్టాక ఎవరి బిడ్డ ఎవరో దూరం నుంచి పోల్చుకోలేం. తలుపు దగ్గర ఒకాయన నంబరున్న జెర్సీ ఇస్తాడు. ఇక ఆ గంటంతా పిల్లాడికి పేరుండదు, నంబరే. పైన స్టాండ్స్‌లో క్లిప్‌బోర్డులు పట్టుకుని ముగ్గురు నలుగురు కూర్చుంటారు. ముందుకు స్కేటింగ్, వెనక్కి స్కేటింగ్, క్రాసోవర్లు, ఠక్కున ఆగడం, కోన్ల మధ్య పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) నడపడం, చివర్లో చిన్న మ్యాచ్. మ్యాచ్‌లో ఒక్కో పిల్లాడు ఐస్ మీద ఉండేది ఒక్కో విడతకు నిమిషమో, ఇంకాస్తో. ఆ నిమిషంలో పక్ మన వాడి వైపే రాకపోతే కాగితం మీద ఏం రాస్తారు? నేను అద్దం వెనక నిలబడి చూశాను. ఆ మార్కులు వేసేవాళ్ళలో ఒక ఎవాల్యుయేటర్ మా వాడి విడత మొత్తం పక్కనున్నాయనతో మాట్లాడుతూనే ఉన్నాడు. తల ఎత్తి ఐస్ వైపు చూడలేదు.

రాత్రి బాగా పొద్దుపోయాక ఈమెయిల్ వస్తుంది. ఈ నంబర్లు రేపు ఫలానా గ్రూపుకి, ఈ నంబర్లు ఫలానా గ్రూపుకి. కారణం ఒక్క ముక్క ఉండదు. పొద్దున్నే కళ్ళు నలుపుకుంటూ పిల్లాడు అడిగేది అదే, "అమ్మా, నేను ఏ గ్రూపు?" అని. కింది గ్రూపు అని చెప్తే వెంటనే "ఎందుకు? నేను దేంట్లో బాలేను?" అంటాడు. వెనక్కి స్కేటింగ్ నేర్చుకోవాలి అని ఎవరైనా చెప్తే వాడు ఆ పని మీద కూర్చుంటాడు, ఆ ఓపిక వాడికుంది. "వాళ్ళు చెప్పలేదు నాన్నా" అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇంతకంటే అన్యాయమైన జవాబు ఉండదని నా అభిప్రాయం.

మా వాడు డిసెంబర్‌లో పుట్టాడు. హాకీలో వయసుకి కటాఫ్ డిసెంబర్ 31. అంటే యు11 మొదటి ఏడాది సెప్టెంబర్ నాటికి వాడికి ఇంకా తొమ్మిది నిండలేదు. అదే గ్రూపులో రెండో ఏడాది ఆడే జనవరి పిల్లాడికి పదేళ్ళ ఎనిమిది నెలలు. ఇద్దరికీ దాదాపు రెండేళ్ళ తేడా. ఆ వయసులో రెండేళ్ళంటే ఎత్తు వేరు, బలం వేరు, మాట వినే నిదానం కూడా వేరు. ఇది నా బిడ్డ మీద మమకారంతో నేను కల్పించిన వాదన కాదు. మాకు రెండు గంటల దారిలో ఉన్న లెత్‌బ్రిడ్జ్‌లో రోజర్ బార్న్‌స్లీ అనే సైకాలజిస్ట్ ఉండేవారు. ఒక జూనియర్ మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు ఆయన భార్య పౌలా, ఆటగాళ్ళ వివరాలున్న పుస్తకం చూస్తూ, వీళ్ళలో ఇంతమంది జనవరి, ఫిబ్రవరి, మార్చిలోనే ఎందుకు పుట్టారని అడిగారట. ఆయన లెక్కలు తీస్తే నిజమే. సంవత్సరం మొదట్లో పుట్టినవాళ్ళు ఎక్కువ, చివర్లో పుట్టినవాళ్ళు తక్కువ. 1985లో ఆ పరిశోధన అచ్చయింది. ఇందులో మర్మమేమీ లేదు. నాలుగు నెలలో ఎనిమిది నెలలో పెద్దవాడు తొమ్మిదేళ్ళప్పుడు కాస్త మెరుగ్గా కనిపిస్తాడు, పై టీమ్‌కి వెళ్తాడు, అక్కడ మంచి కోచింగ్ దొరుకుతుంది, ఎక్కువ ఆడతాడు, మూడేళ్ళు తిరిగేసరికి నిజంగానే మెరుగైపోతాడు. అప్పుడు చూసినవాళ్ళు "చూశారా, మేం సరిగ్గానే ఎంచాం" అంటారు.

ఆ పరిశోధన వచ్చి నలభై ఏళ్ళయింది. మా ఎవాల్యుయేషన్ షీట్‌లో ఈ రోజుకీ పుట్టిన నెలకు ఒక గడి లేదు.

ఇంతవరకైతే నేను ఈ పోస్ట్ రాసేదాన్ని కాదు. మన చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. నన్ను నిజంగా బాధపెట్టింది ఇది. ఒక సెషన్ రోజు మా వాడికి జ్వరం. ముందే మెయిల్ పెట్టాం. నియమం ప్రకారం మిగతా సెషన్ల మార్కులతోనే చూస్తామన్నారు. సరే అన్నాం. అదే వారం ఇంకో అబ్బాయి కూడా సెషన్లకు రాలేదు. అతన్ని మాత్రం పోయిన ఏడాది ఆట చూశాం కదా అని నేరుగా పై టీమ్‌లో వేశారు. ఆ అబ్బాయి వాళ్ళ నాన్న ఆ టీమ్‌కి కోచ్. అబ్బాయి చక్కగా ఆడతాడు, నేనూ చూశాను, చప్పట్లూ కొట్టాను. పిల్లాడి మీద నాకేం కోపం ఉంటుంది? నేను అడిగింది ఒక్కటే. ఒకే ట్రైఅవుట్‌కి రెండు నియమాలు ఎందుకున్నాయి, ఎవరికి ఏది వర్తిస్తుందని తేల్చిందెవరు?

ఏ ఫిర్యాదైనా 24 గంటలు ఆగాకే చేయాలని ఇక్కడ నిబంధన ఉంది, కోపంలో ఎవరూ నోరు జారకుండా. మంచి నిబంధన, పాటించాను. మా హాకీ అసోసియేషన్‌కి మర్యాదగా రాశాను. మేమంతా ఉద్యోగాలు చేసుకుంటూ ఖాళీ సమయంలో ఈ పని చేస్తున్నాం, అసంతృప్తి ఉంటే మీరూ వచ్చి వాలంటీర్ చేయండి అని జవాబు వచ్చింది. నా ప్రశ్నకు సమాధానం అందులో లేదు.

మేమూ చేస్తూనే ఉన్నాం కదా! సీజన్ మొదట్లోనే ప్రతి కుటుంబం దగ్గరా ఒక డిపాజిట్ చెక్కు తీసుకుంటారు. చెప్పినన్ని గంటలు పని చేస్తే తిరిగిస్తారు, లేకపోతే బ్యాంకులో వేసుకుంటారు. నేను టైమ్‌కీపర్ బాక్స్‌లో కూర్చుని స్కోరూ పెనాల్టీలూ రాస్తాను. మా ఆయన క్యాసినో డ్యూటీ చేశారు. ఈ సంగతి మా ఆల్బెర్టా రాష్ట్రం బయట చెప్తే నమ్మరు. ఇక్కడ ప్రభుత్వ లైసెన్సుతో సేవా సంస్థలకు వంతుల వారీగా క్యాసినోలో రెండు రోజులు ఇస్తారు. ఆ రెండు రోజులు సంస్థ వాళ్ళే వెళ్ళి క్యాష్ కౌంటర్లో, చిప్స్ అందించడంలో, డబ్బు లెక్కపెట్టే గదిలో పని చేయాలి. వచ్చిన ఆదాయంలో వాటాతో పిల్లలకు ఐస్ టైమ్ కొంటారు. మా ఆయనది లెక్కపెట్టే గది. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటి చాలాసేపైంది, పొద్దున మళ్ళీ ఆఫీసు. డబ్బు లెక్కకు అంత కట్టుదిట్టం చేయగలిగినవాళ్ళం పిల్లల మార్కుల లెక్కకు ఎందుకు చేయలేం?

వాలంటీర్ల వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. మా అసోసియేషన్‌లో ఐస్ షెడ్యూల్ చూసే ఆవిడ రాత్రిళ్ళు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఏ రింక్ ఎప్పుడు ఖాళీ అయిందో చూస్తూ కూర్చుంటుంది. కొత్తగా వచ్చిన కుటుంబాలకు పాత స్కేట్లు, ప్యాడ్లు సేకరించి గరాజ్‌లో సైజుల వారీగా సర్ది పెట్టే ఆయన ఉన్నాడు. మా వాడి మొదటి హెల్మెట్ ఆయనిచ్చిందే. వీళ్ళకు పేరెంట్స్ పంపే మెయిల్స్ కొన్ని చదివితే మనకే సిగ్గేస్తుంది. స్టాండ్స్‌లోంచి పదిహేనేళ్ళ రిఫరీ పిల్లల మీద అరిచేవాళ్ళూ మనలోనే ఉన్నారు. అందుకే ఇంటికొక పేరెంట్ రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్ ఆన్‌లైన్ కోర్సు చేయాలని పెట్టారు. కోచ్ చేతిలో తాను పడ్డ లైంగిక హింసను బయటపెట్టిన ఎన్‌హెచ్ఎల్ (ఇక్కడి అతి పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్) ఆటగాడు షెల్డన్ కెనడీ సహ వ్యవస్థాపకుడిగా 2004లో మొదలైన సంస్థ దాన్ని తయారుచేసింది. ఆ కోర్సు నేనూ చేశాను, అవసరమే. అయితే స్టాండ్స్‌లో ఎలా ఉండాలో పేరెంట్స్‌కి నేర్పుతున్నప్పుడు, ట్రైఅవుట్ ఎలా నడపాలో అసోసియేషన్ బోర్డుకూ ఎవరో ఒకరు నేర్పాలి కదా.

వాలంటీర్లను ప్రశ్నించకూడదనేవాళ్ళకు 2022 గుర్తుచేస్తాను. దేశమంతటా హాకీని నడిపే సంస్థ హాకీ కెనడా దగ్గర నేషనల్ ఈక్విటీ ఫండ్ అని ఒక నిధి ఉండేది. మనలాంటి వాళ్ళం కట్టే రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచి కొంత అందులోకి వెళ్ళేది. 1989 నుంచి లైంగిక దాడి ఫిర్యాదుల సెటిల్‌మెంట్లకు ఆ నిధిలోంచి 76 లక్షల డాలర్లు చెల్లించామని 2022 జూలైలో పార్లమెంటు కమిటీ ముందు చెప్పారు. ఆ ఫీజు కట్టిన అమ్మానాన్నలెవరికీ ఆ సంగతి తెలియదు. స్పాన్సర్లు తప్పుకున్నారు, దేశమంతా నిలదీసింది, అక్టోబర్ 11న సీఈవోతో పాటు బోర్డు మొత్తం వెళ్ళిపోయింది. ఆ బోర్డు సభ్యులు కూడా జీతం తీసుకోని వాలంటీర్లే. మా కాలనీ అసోసియేషన్‌ని దాంతో పోల్చడం లేదు, అంత పెద్ద మాట అనను. అడిగేవాళ్ళు లేనిచోట ఎంత దూరం పోతుందో చెప్తున్నాను.

అసలు నన్నడిగితే తొమ్మిదేళ్ళకే పిల్లల్ని ఇంత గట్టిగా టియర్లుగా విడదీయడమే తొందరపాటు. నార్వేలో పిల్లల ఆటలకు 1987 నుంచే నియమాలున్నాయి. 11 ఏళ్ళ లోపు పిల్లలకు ర్యాంకులు, పాయింట్ల పట్టికలు ఉండవు, 13 ఏళ్ళ లోపు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. దాంతో ఆ పిల్లలేమైనా చెడిపోయారా? 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువగా 16 బంగారు పతకాలు గెలిచింది నార్వేనే. మొత్తం దేశ జనాభా మన హైదరాబాద్ జనాభా కంటే తక్కువ.

ఇప్పుడు మన సంగతి. మన వాట్సాప్ గ్రూపుల్లో ట్రైఅవుట్స్ వారం ఎంత బాధ వినిపిస్తుందో మీకు తెలుసు. మీటింగ్‌కి రమ్మంటే "మనకెందుకండీ గొడవ, రేపు పిల్లాణ్ణి బెంచ్ మీద కూర్చోబెడతారు" అంటాం. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఇక్కడ పుట్టి పెరిగిన నాన్నలకు కోచ్ చిన్నప్పటి స్నేహితుడు, మనకు ఆఫ్‌సైడ్ అంటే ఏంటో పిల్లాడు చెప్పాలి. స్ప్రింగ్ హాకీ, పవర్ స్కేటింగ్ క్యాంపులు ఉంటాయని మనకు తెలిసేసరికే సీట్లు అయిపోతాయి. అయినా సరే, ఫీజు మనదీ అంతే, ఓటూ అంతే. పంజాబీ వాళ్ళను చూడండి. 2008 నుంచి హాకీ నైట్ అనే టీవీ హాకీ ప్రసారం కామెంటరీ వాళ్ళ భాషలో వస్తోంది. ఈ ఆట మాదీ అని వాళ్ళు గట్టిగా అనుకున్నారు. మనం కూడా అనుకోవాలి.

ఆల్బెర్టాలో ఇలాంటి అసోసియేషన్లు చాలావరకు సొసైటీస్ యాక్ట్ కింద నమోదైనవే. ఏటా జనరల్ బాడీ మీటింగ్ పెట్టాలి, ఆడిట్ అయిన లెక్కలు సభ్యుల ముందు ఉంచాలి. సాధారణంగా పేరెంట్స్‌మే సభ్యులం. బైలాస్ (అసోసియేషన్ నియమావళి) మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు, ఓటేసినవాళ్ళలో 75 శాతం మద్దతు కావాలి. మా మీటింగ్‌లకు వచ్చేవాళ్ళు ఎంత తక్కువంటే, నాలుగైదు కుటుంబాలు కలిసికట్టుగా వెళ్తే ఓటింగ్ ఫలితమే మారిపోతుంది.

మేం కొందరం కలిసి ఒక తీర్మానం రాస్తున్నాం, ఇందులో తెలుగువాళ్ళే కాదు, మూడు తరాలుగా హాకీ ఆడుతున్న కుటుంబాలూ ఉన్నాయి. సొంత పిల్లలున్న గ్రూపు ఎంపికలో బోర్డు సభ్యులు గానీ కోచ్‌లు గానీ కూర్చోకూడదు. ఎవాల్యుయేటర్లు బయటివాళ్ళై ఉండాలి, దానికి ఫీజు కాస్త పెరిగినా కడతాం. సెషన్‌కి రాలేకపోయిన పిల్లలకు ఏం చేస్తారో ముందే రాసిపెట్టాలి, అందరికీ అదే. ఏ పిల్లాడి మార్కులు ఆ పిల్లాడి ఇంటికి పంపాలి, దేంట్లో మెరుగుపడాలో కనీసం రెండు వాక్యాలతో. కోచ్‌ని టీమ్ ఖరారయ్యాకే ప్రకటించాలి. ఈ చివరిదాని మీద మాలోనే వాదన నడుస్తోంది. కోచ్ ముందే తెలియకపోతే ముందుకొచ్చేవాళ్ళే ఉండరని కొందరి భయం, అందులోనూ నిజముంది.

కాల్గరీలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ డ్రాఫ్ట్ కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపుతాను. వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళు ముందు మీ అసోసియేషన్ వెబ్‌సైట్లో బైలాస్ తీసి, మీటింగ్ తేదీ, నోటీసు గడువు చూసుకోండి. మా మీటింగ్ రోజు సాయంత్రం పిల్లల్ని చూసుకోవడానికి మా ఇంట్లో ఏర్పాటు చేస్తున్నాం, అందరికీ పులిహోర, పెరుగన్నం ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ రావచ్చు.