అమ్మకు సైరన్ అంటే షిఫ్ట్ మారడమే

మొన్న మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో, పంచాంగ శ్రవణం అయ్యాక, ముఖ్య అతిథి అన్నారు: "ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీ పెట్టేవాళ్లకి ఇన్‌స్పెక్టర్ల బెడద లేదు." హాలంతా చప్పట్లు. నా పక్కన అమ్మ కూడా కొట్టింది. నాకు పులిహోర గొంతు దిగలేదు.

అమ్మది విశాఖ దగ్గర పరవాడ, ఫార్మా సిటీ పక్కన. మేముండేది అమెరికాలో, టెక్సాస్‌లోని డీర్ పార్క్‌లో, ఇక్కడా చుట్టూ కెమికల్ ప్లాంట్లే. మా వాడు ఒకటో తరగతిలో ఉండగా బడి నుంచి తాబేలు బొమ్మ తెచ్చుకున్నాడు. మొన్న దాన్ని వెతికి తీసి నానమ్మకు పాఠం చెప్పాడు: సైరన్ మోగితే తాబేలులా లోపలికి పోవాలి, తలుపులు మూయాలి, ఏసీ ఆపాలి. అమ్మ శ్రద్ధగా విని, "మా ఊళ్లో సైరన్ మోగితే షిఫ్ట్ మారిందని ఎసరు పెడతాను నాన్నా" అంది.

ఆ తాబేలు వెనక భోపాల్ ఉంది. 1984లో అక్కడ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై వేలమంది పోయారు. మరుసటి ఏడాది అదే కంపెనీకి వెస్ట్ వర్జీనియాలో ఉన్న ప్లాంట్‌లో గ్యాస్ లీకై వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 1986కల్లా పక్క ఫ్యాక్టరీలో ఏముందో తెలుసుకునే హక్కు ఇక్కడ అమెరికాలో జనానికి చట్టమైంది. మనకూ 1989లో రూల్స్ వచ్చాయి: ప్రమాదం వస్తే ఏం చేయాలో చుట్టుపక్కల వాళ్లకి చెప్పాలి, ఏడాదికోసారి రిహార్సల్ చేయాలి. అమ్మకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం గుర్తుందిగా? 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి ఊరి మీద పడి 12 మంది పోయారు. ట్యాంకులో టెంపరేచర్ అడుగున మాత్రమే కొలిచారు, పైభాగం కాగిపోయింది. సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ నొక్కలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. "పైన ఎంత వేడి ఉంది?" అని ముందే అడగాల్సినవాడే ఇన్‌స్పెక్టర్.

లంచాలు లేవని నేననను. చిన్న యూనిట్లు నడిపే స్నేహితులు ఏడ్చారు నా దగ్గర. ఇక్కడ మాత్రం ప్రమాదాలు జరగలేదా? 2005లో టెక్సాస్ సిటీ రిఫైనరీలో 15 మంది పోయారు. కానీ కెమికల్ సేఫ్టీ బోర్డు అనే విడి సంస్థ దాన్ని తవ్వి తీసి, రిపోర్టు అందరి ముందూ పెట్టింది. మా ప్లాంట్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఈరోజుకీ అదే చదివిస్తాం. లంచగొండిని పట్టుకోండి, తనిఖీని ఎత్తేయకండి.

కార్యవర్గానికి నా విన్నపం: అలాంటి బోర్డు మనకూ కావాలని, ఏటా రిహార్సల్ జరిపించాలని రెండు రాష్ట్రాలకూ మన సంఘం పేరున ఉత్తరం రాద్దాం. అమ్మ జూన్‌లో పరవాడ వెళ్లిపోతోంది. ఆ ఉత్తరం మీద మొదటి సంతకం ఆవిడదే.