యజమాని డాలస్‌లో, పన్ను బాధ్యత కొండాపూర్‌లో

కొండాపూర్‌లో నేను ఉంటున్న ఫ్లాట్ అద్దె నెలకు 25,000 రూపాయలు. కొడుకు తరఫున వ్యవహరించే అధికారపత్రం (జీపీఏ) ఉందంటూ ఒప్పందంపై యజమాని నాన్నగారు సంతకం చేశారు. డబ్బు మాత్రం యజమాని ఖాతాకే పంపుతుంటాను. ఆయన నాలుగేళ్లుగా డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నారని తెలిసినా అది నాకు సంబంధించిన విషయమని ఎన్నడూ అనుకోలేదు. ఈ ఏడాది మా ఆడిటరు చెప్పాక గతుక్కుమన్నాను.

యజమాని ఇక్కడే నివసించేవారైతే, అద్దె నెలకు 50,000 దాటితే తప్ప నాలాంటి జీతగాడు టీడీఎస్ (చెల్లింపులోనే పన్ను కోయడం) జోలికి వెళ్లనక్కరలేదు. ఆయన ప్రవాసి (ఎన్ఆర్ఐ) అయితే ఆ మినహాయింపు వర్తించదు. మొదటి రూపాయి నుంచే సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే నా అద్దెలో నెలకు 7,800 రూపాయలు కోసి, పన్ను కోసేవారికిచ్చే ట్యాన్ నంబరు తీసుకుని ప్రభుత్వానికి జమ చేసి, మూడు నెలలకోసారి లెక్క దాఖలు చేయవలసింది అద్దెకున్నవాడే. చేయకపోతే ఆ సొమ్మును వడ్డీతో సహా అతని నుంచే రాబట్టవచ్చు.

సొమ్ము దేశం దాటకముందే పన్ను పట్టుకోవాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అయితే యజమాని నివాస స్థితి మారిన సంగతి ముందుగా తెలిసేది ఆయనకే కదా! అందరూ రాసుకునే పదకొండు నెలల ఒప్పందంలో ఆ వివరం ఉండదు, ఆధార్‌లో చిరునామా హైదరాబాదే. చెప్పకుండా దాచినవారి తప్పుకు చెప్పించుకోనివాడు వడ్డీ కట్టడం ఏ న్యాయమో నాకు బోధపడలేదు. ఆ వివరం ఒప్పందంలో రాయడం తప్పనిసరి చేయాలి. రాయని పక్షంలో భారం యజమానిపైనే పడాలి.

ఫోన్ చేస్తే, "అంత కోస్తే నా ఈఎంఐ ఎలా కట్టాలండీ?" అన్నారాయన. కోత తగ్గించమని పన్ను అధికారి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చని, రిటర్ను వేస్తే 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, గృహరుణ వడ్డీ పోను ఎక్కువైనది వాపసు వస్తుందని అద్దెకున్న నేనే వివరించవలసి వచ్చింది. ఆ మాటల్లోనే, నేను డబ్బు వేస్తున్నది ఆయన పాత సేవింగ్స్ ఖాతా అనీ, ఇక్కడున్నప్పుడు తెరిచిన డీమ్యాట్ ఖాతాలో నేటికీ షేర్లు కొంటున్నారనీ బయటపడింది. ఆదాయపు పన్ను చట్టం దేశంలో గడిపిన రోజులు లెక్కపెడుతుంది. విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా మాత్రం ఉద్యోగానికి దేశం విడిచినవారిని అప్పటినుంచే ప్రవాసిగా చూస్తుంది. సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల ఇక్కడి ఆదాయం జమయ్యే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చాలి, పాత షేర్లు ఎన్ఆర్ఓ డీమ్యాట్‌కు వెళ్లాలి, కొన్న రోజే అమ్మే ఇంట్రాడే మానుకోవాలి. అమ్మిన సొమ్మును ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు పత్రాలతో బయటికి తీసుకెళ్లవచ్చు గనుక నష్టమేమీ లేదు. ఉల్లంఘనకు జరిమానా మాత్రం ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు ఉండవచ్చు.

గత నెలలో ఒప్పందం తిరగరాసుకున్నాం. ఆయన ప్రవాసి అన్న వాక్యం అందులో చేరింది. 17,200 రూపాయలు ఎన్ఆర్ఓ ఖాతాకు వెళ్లాయి. డీమ్యాట్ సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తానన్నారు.