హైవే తెరిస్తే మట్టిరోడ్లు తెరిచినట్టు కాదు
అమెరికాలోని ఎడారి నేషనల్ పార్కు డెత్ వ్యాలీలో వరద తర్వాత హైవే మళ్లీ తెరిచారు కాబట్టి ఇక ఎక్కడికైనా వెళ్లొచ్చని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను వల్ల ఆ పార్కులోని ఫర్నేస్ క్రీక్‌లో ఒక్కరోజే 2.2 అంగుళాల వాన పడింది, అంటే అక్కడ ఏడాదంతా పడేంత. అక్టోబరు 15న పార్కు మళ్లీ తెరిచినా చాలా రోడ్లు మూసే ఉన్నాయి. వరద పోయాక మట్టిరోడ్ల మీద రోడ్డేదో వాగేదో తెలియకుండా రాళ్లు పరుచుకుంటాయి. అసలు వానల్లేనప్పుడే ఆ దారులు కష్టం. పార్కులో రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సుకి వెళ్లే 27 మైళ్ల మట్టిదారి తెరిచే ఉందని చూసుకునే మేం బయల్దేరాం. రోడ్డంతా అలలు అలలుగా గతుకులు, స్టీరింగ్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కాయి. దారిలో టీకెటిల్ జంక్షన్ అనే కూడలి దాటాక పదునైన రాయి తగిలి టైరు పక్కన జానెడు చీలింది. ఫోన్లో సిగ్నల్ లేదు, వెనక సీట్లో పిల్లలు, ఒకటే టెన్షన్. పూర్తి సైజు స్పేర్ టైరు ఉండబట్టి బయటపడ్డాం. ఇంకో టైరు పోయి ఉంటే ఆ రాత్రి అక్కడే. ‘తెరిచారు’ అని రాసేటప్పుడు ఏ రోడ్డు, ఎలాంటి బండికి అన్నది కూడా దయచేసి రాయండి, పిల్లలతో వెళ్లేవాళ్లు అది చదివే బయల్దేరతారు.