పొద్దున్నే వచ్చే ప్రేరణ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్రేరణ గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరు ప్రతి ఉదయం ఆరు గంటలకు, పాలప్యాకెట్ గుమ్మంలో పడే వేళకే నా గదిలోకి విచ్చేస్తున్నారు గనుక తమరికి ప్రత్యేకంగా ఉత్తరం రాయవలసిన అవసరం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాని తమరు ఎదురుగా ఉన్నంతసేపూ నాకు నోరు పెగలదు, చెయ్యి అసలే కదలదు. అందుకని తమరు కునుకు తీసే మధ్యాహ్నం వేళ చూసుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తమ అసలు పేరు 'పరుల బొమ్మలు చూస్తూ కూర్చునే అలవాటు' అని నాకు తెలియకపోలేదు. అయితే చిత్రప్రదర్శనల ఆహ్వానపత్రాలలో తమరిని ప్రేరణ అనే అచ్చువేస్తారు కనుక ఆ గౌరవానికి నేనెందుకు లోటు చేయాలని అదే పేరుతో సంబోధిస్తున్నాను.

తమ రాకవల్ల నా దినచర్య ఎంత సుసంపన్నమైందో ముందుగా మనవి చేసుకోవాలి. కాఫీ చల్లారేలోపు ఫోన్‌లోనే బరోడా, పారిస్, క్యోటో చుట్టి వస్తాను. ఎక్కడో ఎవరో వేసిన నీలాన్ని చూసి ఆహా అంటాను, మరెవరో వదిలేసిన ఖాళీ జాగాను చూసి ఓహో అంటాను, రెండింటినీ 'రేపు పనికొస్తుంది' అనే పేరుగల అరలో దాచుకుంటాను. ఆ అరలో ఇప్పటికి నాలుగువేల పైచిలుకు బొమ్మలు పోగుపడ్డాయి. ఆ రేపు మాత్రం ఇంతవరకు రాలేదు. తొమ్మిదింటికి లేచి నిలబడేసరికి తూర్పు కిటికీలోని వెలుతురు ఈజిల్‌ను దాటి బీరువా మీదికి పోయి ఉంటుంది. పాలెట్ మీద ఆరింటికే పిండిపెట్టుకున్న అక్రిలిక్ రంగు గట్టిపడి, గోటితో గీకితే పెచ్చులుగా లేస్తుంటుంది. పుణ్యకాలం కాస్తా అలా గడిచిపోతుంది.

తమరిని నేను మొదటిసారి కలుసుకున్న రోజులు తమకు జ్ఞాపకం ఉన్నాయో లేదో. అప్పట్లో తమరు నెలకొక్కసారే, 'చందమామ' సంచికతోపాటు మా ఇంటికి వచ్చేవారు. ముఖచిత్రం మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఉండేది. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి, వెలుతురుకు పట్టి చూసి, ఆ పారదర్శక పత్రాన్ని బొమ్మమీద పరచి, ఊపిరి బిగబట్టి గీతలు దించుకునేవాణ్ణి. ఆ తరువాత గళ్ళు గీసి, రెండింతలు పెంచి, డ్రాయింగు అట్టమీదికి ఎక్కించేవాణ్ణి. ఒక చీర కుచ్చిళ్ళు ఏ మడత కింది నుంచి ఏ మడత పైకి వస్తున్నాయో తెలుసుకోవడానికి వారం పట్టేది, మోచేతి వంపు దగ్గర గీత ఎందుకు సన్నబడిందో అర్థం కావడానికి మరో వారం పట్టేది, అంతలో కొత్త సంచిక వచ్చేది. ఒకసారి మూలనున్న 'వ.పా.' సంతకాన్ని కూడా భక్తిగా దించేశాను. అది చూసిన మా డ్రాయింగు మాస్టారు చెవి మెలేసి, "బొమ్మ దించుకోరా, సంతకం కాదు" అన్నారు. పెద్దయ్యాక నాకు తెలిసిన మర్యాద వేరు: బొమ్మ ఇతరులది దించుకుని, సంతకం మాత్రం సొంతంగా చేసుకోవాలి. దానికే తమ నామధేయం వాడుతున్నాము.

తమ పరపతి గొప్పదని ఒప్పుకుంటాను. ఎవరైనా నిలదీస్తే చాలు, తమరు వెంటనే డచ్చి చిత్రకారుడు వాన్ గోను సాక్షిగా పిలుస్తారు. పిలవండి, నాకు అభ్యంతరం లేదు. ఆయన 1887లో పారిస్‌లో కూర్చుని, జపాను చిత్రకారుడు హిరోషిగే 1857లో అచ్చొత్తించిన ప్లమ్ పూలచెట్టు బొమ్మను పల్చని కాగితంమీదికి దించి, మా పల్లెటూరి పిల్లలలాగానే గళ్ళు గీసి, పెద్ద కాన్వాసు మీద నూనెరంగుల్లోకి మార్చారు. అంచుల్లో ఖాళీ మిగిలితే, తనకు చదవడం రాని జపాను అక్షరాలను వేరే అచ్చుబొమ్మలనుంచి తెచ్చి నింపారు. ఆ అమాయకత్వం నాకు మహా ఇష్టం. రెండేళ్ళ తరువాత సెయింట్ రెమీ చికిత్సాలయంలో ఉన్నప్పుడు, ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మలకు నలుపు తెలుపుల్లో వచ్చిన అచ్చులు ముందు పెట్టుకుని, వాటికి తనకు తోచిన రంగులు వేస్తూ ఇరవైకి పైగా చిత్రాలు చేశారు. ఒకరు కట్టిన బాణీని మరొకరు వాయించడంలాంటిదే ఈ పని అన్న భావం తమ్ముడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నారు. ఇందులో తమ పాత్ర ఎంత? అచ్చుబొమ్మ ఎదురుగా ఉందనడం వరకే. ఆ తరువాత రంగు కలిపిన చెయ్యి ఆయనది, నొప్పెట్టిన నడుము ఆయనది, ఎవరి బొమ్మ చూసి వేశాడో దాచుకోని నిజాయితీ కూడా ఆయనదే.

అంత దూరం ఎందుకు, మన అజంతా సంగతే చూడండి. ఆ గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేవి. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి ఏళ్ళ తరబడి అక్కడ మగ్గి ఆ గోడబొమ్మలకు చేసిన నకళ్ళలో చాలాభాగం 1866లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో తగలబడిపోయాయి. తరువాత బొంబాయి చిత్రకళాశాల విద్యార్థులతో అక్కడి అధ్యాపకుడు గ్రిఫిత్స్ చేయించినవాటిలోనూ కొన్ని 1885లో మరో మంటకు ఆహుతయ్యాయి. అయినా 1909, 1910 చలికాలాల్లో క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఆవిడ మళ్ళీ అదే పని మొదలుపెడితే, కలకత్తానుంచి నందలాల్ బోస్ వంటి యువకులు, మన హైదరాబాదునుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ వెళ్ళి ఆ గోడలముందు నిలబడ్డారు. రెండుసార్లు బూడిదైన పనిని మూడోసారి తలకెత్తుకోవడానికి ఎటువంటి ప్రేరణ కావాలో నాకు తెలియదు గాని, అది పడుకుని చూసే రకం కాదని మాత్రం చెప్పగలను. నందలాల్ బోస్ గీతలో ఆ గోడ చివరిదాకా కనిపించింది. నా ఫోన్‌లో అజంతా గోడమీది పద్మపాణి బోధిసత్త్వుడి బొమ్మలు పదిహేడు ఉన్నాయి. నా గీతలో మాత్రం ఆయన కనుబొమ్మ వంపు పిసరంతైనా కనిపించదు.

రాజమండ్రిలో చిత్రకారులు దామెర్ల రామారావు గారు 28 ఏళ్ళు నిండకముందే, 1925లో కన్నుమూశారు. ఆ కొద్దికాలంలో ఆయన వేసిన బొమ్మలు ఈనాటికీ గోదావరి ఒడ్డు ఊరిలో ఒక చిత్రశాలను నింపుకుని ఉన్నాయి. ఆయనకు రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహం ఉంది, బొంబాయి చదువు ఉంది. తమరు రోజూ ఉదయం మూడు గంటలపాటు వచ్చి కూర్చునే భాగ్యం మాత్రం లేదు. బతికిపోయాడని అనబోయి నాలిక కరుచుకున్నాను.

పికాసో 1957లో పాతకాలపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ గారి 'లాస్ మెనీనాస్' బొమ్మను పట్టుకుని, గదిలో తలుపేసుకుని 58 కాన్వాసులు వేశారు. ఒక్క బొమ్మకు యాభై ఎనిమిది! నేను యాభై ఎనిమిది బొమ్మలకు ఒక్కటి వేసినా మా ఇంట్లోవాళ్ళు పండుగ చేసుకుంటారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నకలు తీసుకునేవారు అసలు బొమ్మ కొలతలోనే వేయకూడదన్న నియమం ఉంది. కనీసం అక్కడైనా ఏది అసలో ఏది నకలో తేడా తెలిసే ఏర్పాటు చేశారు.

మన ఫ్రేముల దుకాణాల్లో అటువంటి పట్టింపులేమీ లేవు. తోట వైకుంఠం గారు తన ఊరి ఆడవాళ్ళను, అందునా కన్నతల్లిని చూసి వేసిన పెద్ద బొట్టు, ముక్కుపుడక, మెరిసే చీర అంచు ఇప్పుడు ప్రతి హోటలు వరండాలోనూ, ప్రతి డాక్టరు గారి నిరీక్షణ గదిలోనూ ఎవరెవరి సంతకాలతోనో వేలాడుతున్నాయి. అడిగితే తమ పేరే చెబుతారు. బొట్టు ఎత్తుకొచ్చినవారికి ఆ నుదురు ఎవరిదో తెలియదు. ఈ మాట అంటున్న నా గదిలోనూ అలాంటి కాన్వాసు ఒకటి గోడకు తిప్పి పెట్టి ఉన్న సంగతి తమరికి తెలుసు కనుక ఇక్కడితో ఆపుతాను.

కిందటి నెల మా డ్రాయింగు మాస్టారు, ఇప్పుడు ఎనభై దాటినవారు, కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. నేను ఎంతో ముచ్చటపడి ముగించిన కొత్త బొమ్మ ముందు నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుని, చాలాసేపు చూసి, "బాగుందిరా అబ్బాయి, ఎవరిది?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నాదేనండీ అనడానికి నాకు కొంత వ్యవధి పట్టింది.

కనుక నా విన్నపం ఇది. తమరిని రావద్దనే ధైర్యం నాకు లేదు, తమరు రాకుంటే బతకలేననీ తెలుసు. రోజుకు ఒక్క బొమ్మ చొప్పున, అదీ సాయంత్రం వెలుతురు పోయాక, చేతిలో పెన్సిలు ఉన్నప్పుడు మాత్రమే దయచేయవలసిందిగా ప్రార్థన. కావాలంటే నూనె రాసిన కాగితం సిద్ధంగా ఉంచుతాను.

ఈ ఉత్తరాన్ని ఒంటిగంటకు మొదలుపెట్టాను. మధ్యలో వాన్ గో సంగతి ఒకసారి సరిచూసుకుందామని ఫోన్ తీశాను. తమరు నిద్ర లేచారు. ప్లమ్ చెట్టు కొమ్మ పట్టుకుని బయలుదేరినవాడిని ఎక్కడెక్కడ తిరిగానో గాని, తల ఎత్తేసరికి అయిదున్నర అయింది.

ఇట్లు,
తమ నిత్య ఆతిథేయుడు,
ఒక చిత్రకారుడు

తా.క. ఈరోజు కూడా కుంచెలు కడగవలసిన పని పడలేదు.